ఆ బంగాళాదుంపకు పాయింట్లు ఎందుకు దక్కలేదు?

ప్రశ్న: బ్రిటన్ టీవీలో వచ్చే 'టాస్క్‌మాస్టర్' పోటీలో జో విల్కిన్సన్ అనే కమెడియన్ బంగాళాదుంపను ఒక్క విసురుతో గోల్ఫ్ గుంతలో వేశారు. అయినా ఆయనకు ఇచ్చిన పాయింట్లు వెనక్కి తీసుకున్నారు. నవ్వుకోవడానికి ఆడే ఆటలో ఇంత పట్టింపు అవసరమా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆ ఘట్టం మొదటిసారి చూసినప్పుడు నాకూ మనసు చివుక్కుమంది. అయినా ఆ తీర్పు న్యాయమైనదేనని నా అభిప్రాయం.

అది 2016లో ప్రసారమైన రెండవ సీజన్‌లోనిది. గుంత చుట్టూ ఎర్రని తివాచీ పరిచి, దానిని తాకకుండా బంగాళాదుంపను గుంతలో వేయాలని షరతు పెట్టారు. విల్కిన్సన్ ఏ ఉపాయం కోసమూ తడుముకోకుండా చేతిని కింది నుంచి ఊపి దుంపను వదిలితే, అది వెళ్లి గుంతలో పడింది. నమ్మలేనంత సంతోషంతో ఆయన కేరింతలు కొట్టారు. అయితే స్టూడియోలో ఆ దృశ్యాన్ని నిశితంగా చూసినప్పుడు, విసిరే సమయంలో ఆయన పాదం తివాచీకి తగిలిందని తేలింది. చేతికందిన 5 పాయింట్లూ పోయి సున్నా మిగిలింది.

అలెక్స్ హోర్న్ రూపొందించిన ఈ కార్యక్రమంలో ఐదుగురు కమెడియన్లు పాల్గొంటారు. చాలా పోటీలను ఒక్కొక్కరితో విడివిడిగా చిత్రీకరిస్తారు కాబట్టి, పక్కవారు ఏం చేశారో తెలియని ఆ కళాకారులకు సీలు వేసిన కవరులోని కాగితమే దిక్కు. ఆ కాగితం వద్దనని పని ఏదైనా చేయవచ్చు. 2015లో మొదటి ఎపిసోడ్‌లో, ఒక్క నిమిషంలో వీలైనంత పుచ్చకాయ తినమన్నప్పుడు రోమేశ్ రంగనాథన్ కాయను నేలకేసి కొట్టి, పగిలిన ముక్కలను చేతులతోనే తిన్నారు. కత్తితో కోయాలని ఎక్కడా రాయలేదు గనుక దానిని ఎవరూ తప్పు పట్టలేదు. నాకు ఈ కార్యక్రమంలో అన్నిటికన్నా నచ్చేది ఈ స్వేచ్ఛే. కాగితంలో ఉన్న కొద్దిపాటి షరతులకైనా విలువ లేకపోతే, వాటి మధ్య సందు వెతికి దూరే తెలివికీ విలువ ఉండదు, అప్పుడు నవ్వడానికీ ఏమీ మిగలదు.

తీర్పు చెప్పే గ్రెగ్ డేవిస్ ఆ రోజు కాస్త కనికరించి ఉంటే బాగుండేదని మీకు అనిపించవచ్చు. నా దృష్టిలో లోపం ఆయన కాఠిన్యంలో లేదు, ముందు పాయింట్లు ఇచ్చి, ఆ ఆనందాన్ని అందరూ పంచుకున్నాక దృశ్యాన్ని మళ్లీ పరిశీలించడంలో ఉంది.