మొదటిసారి డీవీడీ రైటర్ కొంటున్నాను. ఏం చూసుకోవాలి, ఎలా పరీక్షించాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. అక్క పెళ్ళి వీడియోను స్టూడియో వాళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. దేవరకొండ దగ్గర ఊళ్ళో అమ్మమ్మ ఇంట్లో టీవీకి ఇప్పటికీ పాత డీవీడీ ప్లేయరే ఉంది. మీ ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే డ్రైవ్ లేదు. అందుకని ఒక రైటర్ కొని, ఆ వీడియోను డిస్కులుగా చేసి చుట్టాలకు ఇద్దామనుకుంటున్నారు. ఏది కొనాలి, కొన్నది బాగుందో లేదో ఎలా తెలుస్తుంది అన్నది ప్రశ్న.

నా జవాబు మొదటే చెప్తాను. పేరున్న కంపెనీ రైటర్లలో ఏది తీసుకున్నా పెద్ద తేడా కనిపించదు. తేడా అంతా ఖాళీ డిస్కులో, రాసే వేగంలో, రాశాక చేసే పరీక్షలో ఉంటుంది. కంప్యూటర్ మీద ‘బర్న్ పూర్తయింది’ (అంటే డిస్కు రాయడం అయిపోయింది) అని వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. అమ్మమ్మ ఇంట్లో ఉన్న ఆ ప్లేయర్‌లోనే, వీడియో చివరి పది నిమిషాలు ఆగకుండా ఆడితేనే డిస్కు తయారైనట్టు.

నేను మొదటి డీవీడీ రైటర్ కొన్నది 2006లో, నల్గొండలో. మా మేనమామకు మునుగోడులో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు తీసేవాడు. అప్పటిదాకా వీడియో అంటే వీసీడీలే. ఒక్కో దాంట్లో 80 నిమిషాలకు మించి పట్టదు కాబట్టి ఒక పెళ్ళికి రెండు మూడు డిస్కులయ్యేవి. అంతకన్నా పెద్ద బాధ బొమ్మది. వీసీడీలో బొమ్మ 352 × 288 చుక్కలే. మనిషి నిలబడి ఉంటే బాగానే ఉండేది గానీ, తలంబ్రాలు పోసుకునేటప్పుడు గింజలన్నీ ఒక్కసారే కదులుతాయి కదా, అక్కడ తెర మొత్తం గళ్ళు గళ్ళుగా పగిలిపోయేది. బరాత్‌లో లైట్ల కింద డ్యాన్సుల దగ్గరా అంతే. డీవీడీలో మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌కు 720 × 576 చుక్కలు వస్తాయి. పెళ్ళి మొత్తం ఒక్క డిస్కులో, తలంబ్రాల్లో ప్రతి గింజా కనిపించేలా ఇవ్వొచ్చని మామకు ఆశ. కంప్యూటర్ నా దగ్గర ఉంది కాబట్టి రైటర్ కొని, వాడి చూసే పని నా మీద పడింది.

తెలిసినవాళ్ళందరూ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పొమ్మన్నారు. అక్కడ రేటు తక్కువన్నది నిజమే. కానీ నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వంద కిలోమీటర్లు పోయి తెచ్చాక డ్రైవ్ సరిగా లేకపోతే మళ్ళీ మోసుకొని పోవాలి. అందుకే కొంచెం ఎక్కువైనా గడియారం సెంటర్ దగ్గరి షాపులోనే తీసుకున్నాను. బిల్లు మీద ‘వారంలో మార్చి ఇస్తాం’ అని రాయించుకున్నాను. ఇప్పుడు మీరు ఆన్‌లైన్‌లో కొన్నా ఇదే చూడండి. వాపసు గడువు ఎన్ని రోజులో తెలుసుకుని, ఆ లోపల పరీక్షలన్నీ ముగించండి. అట్టపెట్టె విప్పి బీరువాలో పెట్టి, పండుగకు తీద్దాంలే అనుకోవద్దు.

షాపాయన డ్రైవ్‌తో పాటు ఒక మంచి మాట కూడా చెప్పాడు. ‘అన్నా, డిస్కులు మైనస్‌వి తీసుకో. ప్లస్ కొన్ని పాత ప్లేయర్లల్ల ఆడది.’ డీవీడీ మైనస్ ఆర్, డీవీడీ ప్లస్ ఆర్ అని రెండు రకాలున్నాయి. మైనస్ ముందు వచ్చింది, ప్లస్ 2002లో వచ్చింది. పాత ప్లేయర్లు కొన్ని డిస్కు మీద ఉండే రకం గుర్తును చూసి, తెలియనిదైతే ‘నో డిస్క్’ అని చూపిస్తాయి. కొత్త రైటర్లు రెండూ రాస్తాయి కాబట్టి రైటర్ వైపు నుంచి ఇబ్బంది లేదు. పాత ప్లేయర్‌కు ఇవ్వాలంటే మాత్రం మైనస్ ఆర్ తీసుకోవడమే మేలని నా అనుభవం కూడా.

బిగించడం గురించి మీకు ఎక్కువ అవసరం లేదు, ఇప్పుడు యూఎస్‌బీ తీగ గుచ్చితే చాలు. అప్పట్లో డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలిపే వెడల్పాటి ఐడీఈ కేబుల్, ఒకే కేబుల్ మీది రెండు పరికరాల్లో ఏది మొదటిదో చెప్పడానికి వెనక మాస్టర్, స్లేవ్ అని చిన్న జంపర్ ఉండేవి. ఒక కేబుల్ మీద ఒకేసారి ఒక పరికరమే మాట్లాడగలదు. అందుకే హార్డ్‌డిస్కును ఒక కేబుల్ మీద, రైటర్‌ను ఇంకో కేబుల్ మీద పెట్టాను. విండోస్ ఎక్స్‌పీలో డివైస్ మేనేజర్ తెరిచి అది డేటా వేగంగా నడిచే డీఎంఏ మోడ్‌లో ఉందని చూసుకున్నాకే మొదటి డిస్కు పెట్టాను. పీఐఓ అనే పాత పద్ధతిలో ఉంటే డేటా నెమ్మదిగా వచ్చి, రాయడం ఆగి ఆగి నడుస్తుంది. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళకు ఈ ముక్క ఇప్పటికీ పనికొస్తుంది.

ఇక అసలు సంగతి, వేగం. డిస్కు అట్ట మీద 16 ఎక్స్ అని పెద్దగా ఉంటుంది. డీవీడీకి ఒక ఎక్స్ అంటే సెకనుకు సుమారు 1.38 ఎంబీ. ఒక ఎక్స్‌తో నిండు డిస్కు రాయడానికి దగ్గర దగ్గర గంట పడుతుంది. 4 ఎక్స్‌లో పావు గంట, 8 ఎక్స్‌లో ఎనిమిది తొమ్మిది నిమిషాలు. 16 ఎక్స్‌లో నాలుగు నిమిషాలు కావాలి గానీ ఆరు దాకా అవుతుంది. ఎందుకంటే డిస్కు లోపలి అంచు నుంచి బయటి అంచుకు రాస్తుంది, ఆ పూర్తి వేగం చివరి అంచు దగ్గరే అందుతుంది. అంటే డిస్కు ఎక్కువగా ఊగేదీ, డేటా రాసుకునే రంగు పూత సమంగా లేకపోతే ముందుగా దొరికిపోయేదీ అక్కడే. తక్కువ రకం డిస్కు మొదట్లో చక్కగా ఆడి చివర్లో మొండికేయడానికి కారణం ఇదే.

మాకు జరిగిందీ ఇదే. మామ ఎవరి దగ్గరో ప్యాకింగ్ లేని లూజ్ డిస్కులు చవగ్గా తెచ్చాడు. 16 ఎక్స్‌లో రాస్తే ఒక్కటీ తప్పు చూపించలేదు. జీలకర్ర బెల్లం బాగుంది, పుస్తెలు కట్టడం బాగుంది, తలంబ్రాలు మామ ఆశపడ్డట్టే వచ్చాయి. అప్పగింతల దగ్గర బొమ్మ ఆగిపోయింది. ఇంకో డిస్కు పెడితే అదీ దాదాపు అక్కడే. పెళ్ళి వీడియోలో అప్పగింతలు చివర ఉంటాయి, అంటే డిస్కు బయటి అంచు మీద పడతాయి. పిల్ల తల్లి మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూసేది ఆ ఘట్టమే. ఆ డిస్కులను పెళ్ళివాళ్ళకు ఇవ్వకుండా ఆపేశాం. పేరున్న కంపెనీ డిస్కులు తెచ్చి, అదే డ్రైవ్‌లో, అదే వీడియోను 8 ఎక్స్‌లో రాస్తే చివరిదాకా ఆడింది. డ్రైవ్‌లో లోపం లేదని అప్పుడు తేలింది. అప్పటి నుంచి ఏ డిస్కు రాసినా నేను మొదట చూసేది అప్పగింతలే. బంధువులకు పంచే డిస్కు కదా, అక్కడ ఆగిపోతే వాళ్ళకు కలిగే బాధ చిన్నది కాదు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఎండాకాలం కోతలున్న రోజుల్లో, రాస్తుండగా కరెంటు పోతే ఆ డిస్కు ఇక పనికిరాదు. అందుకని కోత వేళలు చూసుకుని, యూపీఎస్ మీద పెట్టి రాసేవాణ్ణి. మీది ల్యాప్‌టాప్ కాబట్టి ఈ టెన్షన్ లేదు గానీ, ఛార్జర్ పెట్టే రాయండి, మధ్యలో స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చుకోండి.

ఇప్పుడు మీరు కొనాల్సింది. పలుచటి ఎక్స్‌టర్నల్ యూఎస్‌బీ రైటర్ మీకు సరిపోతుంది. వాటిలో సాధారణంగా డీవీడీ వేగం 8 ఎక్స్ వరకే ఉంటుంది, మనకు అదే కావాలి. దానికి కావలసిన కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే వస్తుంది. అందుకని హబ్‌కో, పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగకో పెట్టవద్దు. నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి. రెండు యూఎస్‌బీ తలలున్న తీగ ఇస్తే రెండూ పెట్టండి. డ్రైవ్ టకటకమంటూ కనిపిస్తూ మాయమవుతూ ఉంటే ముందు పోర్టు మార్చి చూడండి, కరెంటు చాలకపోయినా అలాగే అవుతుంది. పోర్టు మార్చినా అదే తీరైతే వాపసు ఇచ్చేయండి.

పెన్‌డ్రైవ్‌లోని ఎంపీ4 ఫైలును ఉన్నదున్నట్టు డిస్కు మీదికి కాపీ చేస్తే అమ్మమ్మ ప్లేయర్ దాదాపుగా ఆడించదు. పాత ప్లేయర్లకు కావలసింది డీవీడీ వీడియో, అంటే ఎంపెగ్-2 అనే రకం వీడియో ఉన్న, వీడియో_టీఎస్ అనే ఫోల్డర్. డీవీడీ స్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ మార్పు చేస్తుంది. అందులో పాల్ ఎంచుకోండి. తయారైన దాన్ని ఇమ్‌గ్‌బర్న్‌తో రాయండి. అందులో ‘వెరిఫై’ టిక్కు ఉంటుంది, దాన్ని తీసేయవద్దు. సమయం ఎక్కువ పట్టినా రాసింది మళ్ళీ చదివి పోల్చి చూస్తుంది. చాలామంది తొందరలో వదిలేసేది దీన్నే.

నిడివి కూడా లెక్క వేసుకోండి. డిస్కు మీద 4.7 జీబీ అని ఉన్నా విండోస్‌లో 4.38 జీబీగానే కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది, డిస్కులో లోపమేమీ కాదు. రెండు గంటల వీడియో అయితే సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున డేటా వస్తుంది, బొమ్మ బాగుంటుంది. మూడు గంటలు కుక్కితే మూడున్నరకు దిగిపోయి, తలంబ్రాల దగ్గర మళ్ళీ వీసీడీ నాటి గళ్ళు మొదలవుతాయి. మూడు గంటల పెళ్ళిని రెండు డిస్కులు చేయడమే మంచిది. 8.5 జీబీ డ్యుయల్ లేయర్ (రెండు పొరల) డిస్కులున్నాయి గానీ ధర ఎక్కువ, పాత ప్లేయర్లు పేచీ పెడతాయి. నేనైతే వాటి జోలికి పోను.

పరీక్ష ఇలా చేయండి. ముందు చెరిపి మళ్ళీ రాసుకునే డీవీడీ ఆర్‌డబ్ల్యూ ఒక్కటి కొని, దాని మీద వీడియోను డిస్కు నిండేలా రాయండి. సగం డిస్కుతో పరీక్షిస్తే బయటి అంచు అసలు తేలదు. వెరిఫై అయ్యాక ల్యాప్‌టాప్‌లో తలంబ్రాలు, బరాత్ చూడండి. బొమ్మ తృప్తిగా ఉంటే అప్పుడు ఒక్కసారే రాయగలిగే మంచి డీవీడీ మైనస్ ఆర్ మీద, వీలైతే 4 ఎక్స్‌లో, లేదంటే 8లో రాసి, ఊరికి తీసుకెళ్ళి అక్కడి ప్లేయర్‌లో అప్పగింతల నుంచి చివరిదాకా ఆడించండి. ఆర్‌డబ్ల్యూను పాత ప్లేయర్లు కొన్ని చదవవు, కాబట్టి అది అక్కడ ఆడకపోయినా కంగారు పడకండి. ప్లేయర్ లెన్స్ మీద దుమ్మున్నా ఇలాగే ఆగుతుంది. ఏదైనా పాత సినిమా డిస్కు కూడా పెట్టి చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

అది ఆడాకే మిగతా డిస్కులు కొనండి. మొదటే యాభై డిస్కుల డబ్బా వద్దు. ముందు ఐదో పదో తెచ్చి, మీ రైటర్‌కూ ఆ ప్లేయర్‌కూ పడుతున్నాయని తేలాక అదే కంపెనీవి తెప్పించుకోండి. పేర్లు రాయడానికి మెత్తటి మొన ఉన్న సీడీ మార్కర్ వాడండి. స్టిక్కర్లు అంటించవద్దు, తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగి చదవడం కష్టమవుతుంది. చుట్టాలకు ఇచ్చేటప్పుడు ఎండ తగిలే కిటికీ దగ్గర, రేకుల గదిలో టీవీ మీద పెట్టవద్దని చెప్పండి, మన ఎండలకు ఆ రంగు పూత త్వరగా పాడవుతుంది. పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫైలును మాత్రం చెరపకుండా ఇంకో హార్డ్‌డిస్కులో కూడా పెట్టుకోండి. డిస్కు పోయినా మళ్ళీ రాసుకోవచ్చు.