మడ అడవిని కొలిచే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మడ అడవిలో కార్బన్ నిల్వ, జాతుల వైవిధ్యం రెండూ కొలవబోతున్నావని తెలిసి చాలా సంతోషించానమ్మా. ముందుగా ఒక్క మాట. చెట్లతో ఎంత కష్టపడతావో, బురదతో అంతకు రెట్టింపు కష్టపడు. ఇండో-పసిఫిక్ మడ అడవుల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో హెక్టారుకు సగటున 1,023 టన్నుల కార్బన్ ఉన్నట్టు తేలింది. అందులో 49 నుంచి 98 శాతం నేలలోనే ఉంది. గాలి ఆడని ఆ బురదలో రాలిన ఆకూ, చచ్చిన వేరూ త్వరగా కుళ్లవు మరి.

నేల నమూనాకు సగం తెరిచి ఉండే ఆగర్ (బురదలోకి దించి మట్టిని పైకి తీసే గొట్టం) వాడు. నిలువుగా దించి, తిప్పి, మెల్లగా పైకి లాగు. గుంట లోతుకన్నా చేతికొచ్చిన బురద పొడవు తగ్గిందంటే అది నొక్కుకుపోయినట్టే. దాన్ని పారేసి పక్కనే మళ్లీ తియ్యి. మీటరు లోతు రాగానే చాలనుకోకు, అడుగున గట్టి పొర తగిలేదాకా వెళ్లు. తీసిన బురదను ముక్కలుగా కోసి 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో, బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టు. ఎండిన బరువును తడిగా ఉన్నప్పటి ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. దాన్ని పొర మందంతో, కార్బన్ శాతంతో గుణించాలి. గవ్వల్లోని కార్బన్ ఇందులో కలవకూడదు, ఆమ్లంతో తొలగించు.

చెట్లు కొలిచే ప్లాట్లు, అంటే హద్దులు గీసుకున్న చిన్న స్థలాలు, నీటి అంచు నుంచి లోపలికి వరుసగా వెయ్యి. పోటునీరు ఎంతసేపు నిలుస్తుందో దాన్నిబట్టి జాతులు మారతాయి. మామూలు చెట్టు చుట్టుకొలత 1.3 మీటర్ల ఎత్తులో తీస్తాం. ఊతవేర్ల మీద నిలబడే రైజోఫోరా అనే మడ చెట్టుకు మాత్రం అన్నిటికన్నా పైనున్న ఊతవేరు దాటాకే టేపు చుట్టాలి.

జాతి పేరు తప్పితే కార్బన్ లెక్కా తప్పుతుంది, ఎందుకంటే చెట్టు బరువు లెక్కగట్టే సమీకరణంలో చెక్క సాంద్రత జాతిని బట్టే వేస్తాం. ఆకు ఒక్కటే చూసి తేల్చేయకు. పువ్వు, కాయ, వేరు కూడా చూడు. అవిసెన్నియా అనే మడ చెట్టు చుట్టూ శ్వాసవేర్లు పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి. తిల్ల చెట్టు దగ్గర జాగ్రత్త, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చిన్న మొక్కలను పెద్ద చెట్లతో కలపకుండా విడిగా లెక్కపెట్టు. జాతుల వైవిధ్యాన్ని అంకెలో చెప్పే షానన్ సూచీ తక్కువొచ్చిందని టెన్షన్ పడకు. ఉప్పును తట్టుకునే జాతులే కొన్ని, మెట్ట అడవితో పోల్చడం న్యాయం కాదు.

ఆటుపోట్ల పట్టిక చూసుకునే దిగు, పోటు మొదలవకముందే బయటపడు. సంచుల మీద లేబుళ్లు పెన్సిల్‌తోనే రాయి, తడికి సిరా చెదిరిపోతుంది.

ఇట్లు,
నీ బాబాయి