కంప్యూటర్‌లో ఆడే ఎంపీ4 ఫోన్‌లో ఎందుకు తెరుచుకోదు?

మీ జిఫ్ యానిమేషన్‌ను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రామ్‌తో ఎంపీ4గా మార్చారు, కంప్యూటర్‌లో బాగానే ఆడుతోంది, ఫోన్‌లో మాత్రం నల్లటి తెరే వస్తోంది అన్నారు కదా. టెన్షన్ పడకండి, ఫైలు పాడవలేదు.

తేడా రంగులను దాచే పద్ధతిలో ఉంది. జిఫ్ నుంచి హెచ్.264లోకి (ఎంపీ4 లోపల వీడియోను కుదించి దాచే పద్ధతి) మార్చేటప్పుడు మనం ఏమీ చెప్పకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సాధారణంగా 4:4:4 పద్ధతిని ఎంచుకుంటుంది. అంటే ప్రతి పిక్సెల్‌కూ పూర్తి రంగు సమాచారం ఉంటుంది. చాలా ఫోన్లలోని వీడియో చిప్‌లకు నాలుగేసి పిక్సెల్‌లకు కలిపి ఒకే రంగు సమాచారం దాచే 4:2:0 మాత్రమే తెలుసు. కంప్యూటర్ ప్లేయర్ ప్రాసెసర్ బలంతో ఎలాగోలా ఆడించేస్తుంది కాబట్టి అక్కడ లోపం బయటపడదు. పిక్సెల్ ఫార్మాట్‌ను వైయూవీ420పీ (ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో 4:2:0కి పేరు) అని ఇచ్చి మళ్లీ మార్చండి.

అప్పుడు ఇంకో ఎర్రర్ రావచ్చు. మీ బొమ్మ 501×375 అన్నారు, 4:2:0కి వెడల్పు, ఎత్తు రెండూ సరిసంఖ్యలే కావాలి. సైజు మార్చే స్కేల్ ఫిల్టర్‌లో 500×374 ఇవ్వండి, ఆ ఒక్క పిక్సెల్ తేడా కంటికి తెలియదు.

జిఫ్‌లో పారదర్శక భాగాలుంటే ముందే తెల్లటి నేపథ్యం మీద పెట్టండి. మామూలు హెచ్.264 వీడియోలో పారదర్శకత నిలవదు.

పాత ఫ్లాష్ యానిమేషన్ ఫైళ్లకు ఈ దారి సరిగా పనిచేయదు. వాటిని రఫుల్ అనే ఫ్లాష్ ప్లేయర్‌లో ఆడిస్తూ, తెరను రికార్డు చేసే ఓబీఎస్ ప్రోగ్రామ్‌తో రికార్డు చేయడమే నయం. మార్చాక ఏమైందో తప్పక చెప్పండి.