‘తక్కువ ఉంది’కీ ‘అందుకే ముదిరింది’కీ మధ్య

ఒంగోలు

చిరంజీవికి ఆశీస్సులు.

డి విటమిన్ గురించీ, కాలేయానికి సోకే వైరస్ జబ్బు హెపటైటిస్ బి గురించీ నువ్వు రాసిన వ్యాసం చదివాను. ‘డి విటమిన్ తగ్గితే హెపటైటిస్ బి ముదురుతుంది’ అన్న మొదటి వాక్యం కొట్టెయ్యి. ఎండకు చర్మంలో తయారైన డి విటమిన్ కాలేయానికి చేరి 25-హైడ్రాక్సీ రూపంలోకి మారుతుంది. ల్యాబ్‌లో కొలిచేది దాన్నే. కాలేయం దెబ్బతింటే, అందులోనూ మచ్చలు కట్టి గట్టిపడే సిరోసిస్ దాకా వెళితే, ఆ అంకె జబ్బు వల్లే పడిపోయి ఉండొచ్చు. ఒక్కసారి తీసిన రక్తంతో ఏది ముందో తేలదు.

మన వైపు కామెర్లకి నేల ఉసిరి పసరుకి పేరొచ్చింది కూడా ఇలాగే, ఏది దేనివల్లో తేల్చకుండానే. పెద్దవాళ్లకి కొత్తగా సోకిన హెపటైటిస్ బి నూటికి 95 మందికి పైగా దానంతటదే తగ్గిపోతుంది; పేరు పసరుకి దక్కుతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం నూటికి 90 మందిలో ఉండిపోతుంది. ఆరు నెలలు దాటినా సర్ఫేస్ యాంటిజెన్ (రక్తంలో కనిపించే వైరస్ పైపొర ప్రోటీన్) పాజిటివ్‌గానే ఉంటే దీర్ఘకాలికం. వీళ్లలో చాలామందికి కళ్లు పచ్చబడవు, అది రాయడం మరిచావు.

‘డి విటమిన్ ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని మూడుచోట్ల రాశావు. అది సగం నిజం. సూక్ష్మజీవుల్ని మింగేసే రక్షణ కణాలైన మాక్రోఫేజ్‌లలో వాటిని చంపే ప్రోటీన్ తయారీని పెంచుతుంది, నిజమే. అదే డి విటమిన్ టి కణాలనే మరో రకం రక్షణ కణాల్లో దాడిని రెచ్చగొట్టే ఇంటర్‌ఫెరాన్ గామాని తగ్గించి, మంటను చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10 వైపు మొగ్గు చూపుతుంది. ఇక్కడే మెలిక ఉంది నాయనా: ఈ వైరస్ కాలేయ కణాల్ని నేరుగా చంపదు, సోకిన కణాల మీద పడే సిడి8 అనే టి కణాల వల్లే ఎక్కువ నష్టం. కాబట్టి రక్తంలో ఏ ఇమ్యూనిటీ మార్కర్ (కొలిచే గుర్తు) పెరిగినా మంచిదేనని రాయకు. దాని పక్కనే కాలేయం దెబ్బని చూపే ఏఎల్‌టీ, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ డీఎన్ఏ ఎంతున్నాయో చూపించు.

డి విటమిన్ కొలతల్లో యూనిట్లు కలిపేశావు. మిల్లీలీటరుకి 20 నానోగ్రాములంటే లీటరుకి 50 నానోమోల్స్. ఒక రిపోర్టు ఇందులో, ఇంకోటి అందులో ఉంటే లోపమున్నవాడు ఆరోగ్యవంతుడైపోతాడు.

60,000 యూనిట్ల డి విటమిన్ పొడి సాధారణంగా వారానికొకటి రాస్తారని స్పష్టంగా చెప్పు. రోజూ పాలల్లో కలుపుకుని తాగేస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీల ఇబ్బంది మొదలవుతాయి. ఇది వేసుకుంటున్నాం కదా అని వైరస్‌ని అణిచిపెట్టే మందు టెనోఫోవిర్ ఆపేస్తే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది. ఆ మాట అడుగున చిన్నక్షరాల్లో కాదు, మొదటి పేరాలోనే ఉండాలి.

తిరగరాసి పంపేటప్పుడు పట్టికలో రక్తం తీసిన నెలకి ఒక గడి, చేసే పనికి ఇంకో గడి పెట్టు. మే నెలలో రొయ్యల గుంట గట్టు మీద తిరిగేవాణ్ణీ, డిసెంబరులో కొట్లో కూర్చునేవాణ్ణీ, ఒంటికి తగిలే ఎండ తేడా చూడకుండా, పక్కపక్కన పెట్టి పోలుస్తున్నావు.