రెండో నెల పాలను చూసి వాయిదా లెక్క కట్టకండి

ప్రశ్న: నా నాలుగు పాడి ఆవులూ చలికాలం మొదట్లో ఒకే నెలలో ఈనాయి. ఇప్పుడు రెండో నెల, పాలు బాగా ఇస్తున్నాయి. తెలిసిన వడ్డీ వ్యాపారి వద్ద అప్పు చేసి మరో రెండు ఆవులను కొని, ఈ పాల డబ్బుతోనే నెలనెలా వాయిదాలు కట్టవచ్చా?

జవాబు: ఈ లెక్కతోనైతే వద్దు. పాడి పెట్టినవారిలో తరచుగా కనిపించే పొరపాటు కనుకనే మీ ప్రశ్నను ఎంచుకున్నాను. ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆవు పాల దిగుబడి గరిష్ఠానికి చేరి, ఆపైన నెలనెలా తగ్గుతూ పోయి, సుమారు 305 రోజులకు పాడి ముగుస్తుంది. మళ్ళీ ఈనే ముందు దాదాపు 60 రోజులు ఆవు పాలివ్వకుండా వట్టిపోయి ఉండాలి. అంటే మీరు సగటు అనుకుంటున్నది ఏడాదిలోకెల్లా మంచి నెల. నాలుగూ కలిసి ఈనాయి కనుక కలిసే వట్టిపోతాయి. అప్పుడు మేత, దాణా, వాయిదా ఏవీ ఆగవు.

పైగా చల్లని రోజుల్లో ఈనడం మీకు కలిసివచ్చింది. ఎండల్లో ఈనిన ఆవు వేడికి మేత తగ్గిస్తుంది, గరిష్ఠ దిగుబడే తక్కువ వద్ద ఆగిపోతుంది, ఆ లోటు ఆ ఈతంతా ఉంటుంది. వట్టి రోజులు ఎండల్లో పడినా పొదుగు సరిగా ఎదగక, తర్వాతి ఈతలో పాలు తగ్గుతాయి. అసలు చిక్కు చూడి నిలవడంలో, అంటే ఆవు గర్భం దాల్చడంలో ఉంది. గర్భకాలం సుమారు 280 రోజులు కాబట్టి, ఈనిన మూడు నెలల్లోపు చూడి నిలిస్తేనే ఏడాదికో ఈత. 21 రోజులకోసారి వచ్చే ఎద, అంటే ఆవు చూడికి సిద్ధమయ్యే సమయం, రెండు మూడు సార్లు తప్పితే ఎండలు ముంచుకొస్తాయి; వేడిలో ఎద లక్షణాలు సరిగా కనిపించవు, కట్టించినా నిలవడం కష్టం. ఈత నెలల తరబడి జరిగిపోవచ్చు, వాయిదా తేదీ మాత్రం జరగదు.

కాబట్టి ముందు అత్యవసర నిధి. రెండు నెలలు వట్టి రోజులకు, మరో రెండు నెలలు ఈత ఆలస్యానికి, మొత్తం నాలుగు నెలల మేత, దాణా, వైద్యం, ఇంటి ఖర్చులకు సరిపడే డబ్బును, పాలు పుష్కలంగా ఉన్న ఈ నెలల్లోనే వేరే ఖాతాలో వేయండి. పాల డబ్బు వచ్చిన రోజే మూడో వంతు పక్కకు తీయండి. నెలాఖరున మిగిలింది దాద్దామంటే ఏమీ మిగలదు. ఆ నిధితో మేత కొనవచ్చు, ఆవును కొనకూడదు.

వడ్డీ వ్యాపారి అప్పు గురించి ఓపికగా చర్చించడం నావల్ల కాదు: తగ్గిపోయే రాబడిపై పెరిగే వడ్డీని ఏ ఆవూ తీర్చలేదు. ఉన్న ఆవులకు పశు బీమా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. నిధి నిండాక, సొంత డబ్బుతో, ఒక్క ఆవునే, మీ నాలుగూ వట్టిపోయే సమయానికి ఈనబోయే చూడి ఆవునే చూసి కొనండి.