4కె మానిటర్‌పై పేజ్‌మేకర్ అక్షరాలు మాత్రమే మసకబారితే

లోపం మానిటర్‌లో లేదు, విండోస్ స్కేలింగ్‌లో, అంటే తెరపై అక్షరాలను, బొమ్మలను పెద్దవి చేసి చూపే అమరికలో ఉంది. తిరుపతిలోని మీ డీటీపీ కేంద్రానికి కొన్న 27 అంగుళాల 4కె తెరపై బ్రౌజర్ స్పష్టంగా ఉండి, శుభలేఖలు కూర్చే పేజ్‌మేకర్ మాత్రమే మసకగా కనిపిస్తోందని రాశారు కనుక ఇది దాదాపు నిశ్చయం. పేజ్‌మేకర్ 7 ఇటువంటి తెరలు వాడుకలోకి రాకముందు, 2001లో వచ్చిన సాఫ్ట్‌వేర్ కాబట్టి, విండోస్ దానిని 96 డీపీఐలో (అంగుళానికి 96 చుక్కల చొప్పున) గీయించి, ఆ బొమ్మను సాగదీసి చూపుతుంది. అందులో ముందుగా దెబ్బతినేవి మన వత్తులు, గుడులే.

1. రిజల్యూషన్ 3840×2160గానే ఉంచండి. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని దానిని 1920×1080కి తగ్గిస్తే, డబ్బు పెట్టి కొన్న స్పష్టతే పోతుంది. స్కేల్‌ను 150 శాతం చేయండి.

2. పేజ్‌మేకర్‌ను మూసి, దాని ఐకాన్‌పై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి, 'ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్' తెరవండి.

3. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే: పై గడిని కాదు, అన్నిటికన్నా కింద ఉన్న 'ఓవర్‌రైడ్' గడిని టిక్ చేసి, జాబితాలో 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' ఎంచుకోవాలి. ఆపై రెండు విండోల్లోనూ ఓకే నొక్కాలి. ఒకదానిలోనే నొక్కి రెండోదాన్ని మూసేస్తే మార్పు నిలవదు.

4. అప్పటికీ పదును రాకపోతే అక్కడే 'అప్లికేషన్' ఎంచుకోండి. అక్షరాలు స్పష్టమవుతాయి, కానీ మెనూలు బాగా చిన్నవవుతాయి.

ఇది తెరపై చూపే తీరు మాత్రమే కనుక, ముద్రణకు ఇప్పటికే పంపిన ఫైళ్లను మళ్లీ సరిచూడవలసిన అవసరం లేదు.