'హ్యూమన్ రిసోర్సెస్' సినిమాలో తండ్రి మీద కొడుకు కోపం, లొరాన్ కాంతె చిత్రప్రస్థానం

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఫ్రెంచి దర్శకుడు లొరాన్ కాంతె తీసిన 'హ్యూమన్ రిసోర్సెస్'లో కొడుకు పనివాళ్ళందరి ఎదుట తండ్రిని అంతంత మాటలు అనడం న్యాయమేనా, దర్శకుడు ఎవరి పక్షాన ఉన్నాడు అన్నది మొదటిది. కాంతె మిగతా సినిమాలు ఎలాంటివి, వాటిలో ఏవి, ఏ వరుసలో చూడాలి అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు తేలితే రెండవదానికి దారి దానంతట అదే దొరుకుతుంది కనుక, నేను మొదటిదాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఈ సినిమా గురించి తటస్థంగా మాట్లాడడం నాకు సాధ్యం కాదు. మా నాన్నగారు హైదరాబాదులో ఒక పెద్ద కర్మాగారంలో లేత్ మిషను మీద టర్నరుగా చేరి, అక్కడే పదవీ విరమణ చేశారు. నేను ఎం.బి.ఏ. చదివి, పటాన్‌చెరు వైపు ఉన్న మరొక కంపెనీలో మానవ వనరుల విభాగంలో ట్రైనీగా చేరాను. అంటే ఈ కథలోని కుర్రవాడు నిలబడిన చోటికి కాస్త పక్కగానే నేనూ నిలబడ్డాను. అందుచేత మామూలు ప్రేక్షకుడికి చిన్నవిగా కనిపించే కొన్ని సన్నివేశాలు నాకు కథ మొత్తానికి ఆయువుపట్టులుగా కనిపిస్తాయి.

మీరు సినిమా చూసే ఉన్నారు కాబట్టి కథను క్లుప్తంగానే గుర్తుచేస్తాను. పారిస్‌లో మేనేజ్‌మెంట్ చదువుతున్న ఫ్రాంక్, తన తండ్రి ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న కర్మాగారానికే శిక్షణ కోసం వస్తాడు. అప్పట్లో ఫ్రాన్సులో లియోనెల్ జోస్పాన్ ప్రభుత్వం వారానికి 35 గంటల పనివేళలను తెస్తోంది. కార్మిక మంత్రి మార్తిన్ ఒబ్రీ పేరు మీద ప్రసిద్ధమైన ఆ చట్టాలలో మొదటిది 1998లో, రెండవది 2000 జనవరిలో వచ్చాయి. వాటి అమలు గురించి కార్మికుల అభిప్రాయాలను ప్రశ్నావళి ద్వారా నేరుగా తెలుసుకుందామని ఫ్రాంక్ ఉత్సాహంగా ప్రతిపాదిస్తాడు. యూనియన్ వద్దంటుంది, యాజమాన్యం ముచ్చటపడుతుంది. ఆ ప్రశ్నావళి యూనియన్‌ను పక్కకు తప్పించడానికి పనికొచ్చిందని, తెర వెనుక పన్నెండు మందిని తీసివేసే ఏర్పాటు సాగిందని, ఆ పన్నెండు మందిలో తన తండ్రి కూడా ఉన్నాడని అతనికి తరువాత తెలుస్తుంది.

ప్రశ్నావళి దగ్గర ఒక్క మాట చెప్పాలి. నేను పనిచేసిన చోట కూడా వేతన ఒప్పందం గడువు దగ్గర పడుతున్న రోజుల్లో ఉద్యోగుల మనోభావాలపై ఒక సర్వే జరిగింది. తెలుగులో, ఇంగ్లీషులో కాగితాలు పంచి, పేరు రాయనక్కరలేదని చెప్పి, షిఫ్టు మారే వేళ పెట్టెల్లో వేయించుకున్నాము. అందులో వచ్చిన జవాబులే ఆ తరువాత చర్చల బల్ల మీద 'మీ వాళ్ళే ఇలా అంటున్నారు' అన్న మాటగా యూనియన్ నాయకుల ముందుకు వచ్చాయి. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏమీ లేదు, అబద్ధమూ లేదు. కాంతె చూపించినదీ సరిగ్గా ఇదే. ఆయన సినిమాలోని యజమాని దుర్మార్గుడు కాడు; మర్యాదగా మాట్లాడతాడు, కుర్రవాడి చురుకుదనాన్ని మెచ్చుకుంటాడు. మంచితనంతో చేసిన పని కూడా ఎవరి బల్ల మీదకు చేరితే వారి పనిముట్టే అవుతుందన్న సంగతిని ఇంత నిదానంగా, ఇంత వివరంగా చూపిన సినిమా నాకు మరొకటి తెలియదు.

ఇక మీరు అడిగిన సన్నివేశం. ఆ తొలగింపులకు వ్యతిరేకంగా సమ్మె చేస్తున్నవాళ్ళు యంత్రాలు ఆపించడానికి లోపలికి వస్తారు, తండ్రి మాత్రం తన యంత్రాన్ని వదలడు. అప్పుడు ఫ్రాంక్ విరుచుకుపడతాడు. ఆ మాటలలో సమ్మె ప్రస్తావన తక్కువని, సిగ్గు ప్రస్తావన ఎక్కువని గమనించండి. కార్మికుడి కొడుకునైనందుకు సిగ్గుపడడం నువ్వే నేర్పావు, ఆ సిగ్గు ఇప్పుడు నాలో పాతుకుపోయింది అన్నదే అతని ఆరోపణ. ఇది అన్యాయమైన ఆరోపణే. కానీ అబద్ధపు ఆరోపణ కాదు. సినిమా మొదట్లో, కొడుకుకు తన పని చూపిస్తూ తండ్రి మురిసిపోతున్న సమయంలో, చేయి నెమ్మదించిందని పై అధికారి వచ్చి ఆ కొడుకు ఎదుటే గద్దించే ఘట్టం ఉంది. తండ్రి మాట్లాడకుండా తల వంచుకుని వేగం పెంచుతాడు. చివర్లో కొడుకు నోట పేలినది ఆనాడే పుట్టింది. తన కొడుకు తనలాగా కాకూడదని జీవితమంతా కోరుకున్న తండ్రి, ఆ కోరికతో పాటే 'నాలాంటివాడు తక్కువవాడు' అన్న మాటను కూడా కొడుకు చెవిలో వేస్తూ వచ్చాడు. ఈ రెండింటినీ విడదీయడం ఎలాగో ఏ తండ్రికీ తెలియదు.

మా ఇంట్లో ఇది కేకలు వేసుకునేదాకా ఎన్నడూ రాలేదు. అయితే నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాన్నగారు ఇచ్చిన ఏకైక సలహా, 'నువ్వు స్టాఫ్ క్యాంటీనులోనే తిను, వర్కర్ల వైపు వెళ్ళకు' అన్నది. ఆయన యూనియన్ చందా క్రమం తప్పకుండా కట్టిన మనిషి, సమ్మెలలో గేటు ముందు కూర్చున్న మనిషి. అయినా ఆ సలహా ఇవ్వడానికి ఆయనకు క్షణం కూడా పట్టలేదు. ఒకసారి నేను మరిచిపోయిన తాళాలు ఇవ్వడానికి మా కంపెనీకి వచ్చి, సెక్యూరిటీ గది దగ్గరే నిలబడిపోయారు. లోపలికి వచ్చి కూర్చోమంటే, నాకంటే వయసులో చిన్నవాడైన మా సెక్షన్ ఆఫీసరును చూసి 'వద్దు సార్' అన్నారు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళను తెలుగులో చెబుతూ ఈ సినిమా ఆయనకు చూపించినప్పుడు, ఆ చివరి గొడవకు కొడుకు మీద కోప్పడతారనుకున్నాను. ఆయన కొడుకును ఏమీ అనలేదు. 'ఆ మిషను ఆపేస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియదురా' అని మాత్రం అన్నారు.

కాబట్టి దర్శకుడు ఎవరి పక్షం అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఉద్యోగాల తొలగింపు విషయంలో కాంతెకు ఏ సందిగ్ధమూ లేదు, ఆయన కార్మికుల వైపే ఉన్నాడు. తండ్రీకొడుకుల విషయంలో మాత్రం తీర్పు చెప్పడానికి నిరాకరిస్తాడు, ఆ నిరాకరణ పిరికితనం కాదు. సమ్మె గెలుస్తుందో లేదో చెప్పకుండా, నీ స్థానం ఎక్కడ అని ఫ్రాంక్ తోటి మిత్రుణ్ణి అడగడంతో సినిమా ముగుస్తుంది. ఇది సమ్మె సినిమా అనుకుని చూసేవారికి ముగింపు అర్ధాంతరంగా ఆగినట్టు ఉంటుంది. స్థానం గురించిన సినిమా అనుకుంటే అంతకుమించి చెప్పవలసింది ఏమీ మిగలలేదు.

ఈ సినిమాకు ఇంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే దర్శకుడి పద్ధతి చూడాలి. కాంతె 1961లో పశ్చిమ ఫ్రాన్సులోని మెల్ అనే చిన్న ఊరిలో, ఉపాధ్యాయ దంపతులకు పుట్టాడు. పారిస్‌లోని ఇదెక్ అనే ప్రసిద్ధ సినిమా శిక్షణ సంస్థలో చదివాడు. రచనలో ఆయనకు తోడుగా నిలిచిన జిల్ మార్షాన్, ఎడిటింగ్‌లోనూ రచనలోనూ భాగస్వామి అయిన రొబాన్ కాంపియో ఆ చదువుకాలపు పరిచయస్థులే. 'హ్యూమన్ రిసోర్సెస్'ను నార్మండీలో నడుస్తున్న ఒక కర్మాగారంలోనే చిత్రీకరించారు. ఫ్రాంక్‌గా వేసిన జలీల్ లెస్పేర్ తప్ప తక్కినవారిలో దాదాపు అందరూ నటనకు కొత్తవారే. నిజజీవితంలో తాము ఎరిగిన పనులకు దగ్గరైన పాత్రలే వారికి ఇచ్చారు. తండ్రిగా వేసిన జాన్ క్లోద్ వలో కూడా వృత్తి నటుడు కాడు. సంభాషణలు ముందే రాసి అప్పజెప్పించకుండా, వారితో కూర్చుని, ఇలాంటి సందర్భంలో మీరైతే ఏమంటారు అని అడిగి, ఆ మాటలను స్క్రిప్టులోకి తెచ్చుకున్నారు. చేతులను చూసే నాన్నగారు ఆ మనిషి నటుడు కాడని పట్టేశారు.

'ఆర్టె' అనే టీవీ ఛానెల్ కోసం తీసిన ఈ చిత్రం 1999లో సాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో కొత్త దర్శకుల బహుమతి పొందింది. 2000 జనవరిలో ఇంచుమించు ఒకేసారి టీవీలోనూ థియేటర్లలోనూ వచ్చింది. 2001లో ఉత్తమ తొలి చిత్రంగా ఫ్రెంచి సినిమాలకిచ్చే సెజార్ పురస్కారాన్ని, లెస్పేర్‌కు వర్ధమాన నటుడి సెజార్‌ను సంపాదించింది.

దీని తరువాత తప్పనిసరిగా చూడవలసినది 2001 నాటి 'టైమ్ అవుట్'. నా దృష్టిలో కాంతె సినిమాలన్నింటిలో ఇదే ఉత్తమం, కాన్ చిత్రోత్సవంలో బహుమతి పొందిన 'ద క్లాస్' కంటే కూడా. ఉద్యోగం పోయిన విన్సెంట్ అనే కన్సల్టెంటు ఆ సంగతి ఇంట్లో చెప్పడు. జెనీవాలో ఐక్యరాజ్యసమితిలో కొత్త కొలువు దొరికిందని నమ్మిస్తాడు. కారులో తిరుగుతూ, పార్కింగ్ స్థలాలలో నిద్రపోతూ, పెట్టుబడుల పేరుతో స్నేహితుల దగ్గర డబ్బు తీసుకుంటూ రోజులు గడుపుతాడు. డాక్టరునని ఏళ్ళ తరబడి అబద్ధమాడి, బయటపడే సమయానికి 1993లో తన కుటుంబాన్నే హత్య చేసిన జాన్ క్లోద్ రొమాన్ ఉదంతం దీనికి ప్రేరణ. అయితే కాంతె అందులోని అబద్ధాన్ని మాత్రమే తీసుకుని హత్యలను వదిలేశాడు, చిత్రం గొప్పతనమంతా ఆ వదిలేయడంలోనే ఉంది. రక్తపాతం వస్తుందేమోనని చివరిదాకా భయపడతాము; వచ్చేది మరొక ఉద్యోగపు ఇంటర్వ్యూ. ఒరేలియన్ రెక్వాన్ నటించిన ఆ ఇంటర్వ్యూ నాకు ఏ హత్యకంటే కూడా భయంకరంగా తోచింది. మానవ వనరుల విభాగంలో పనిచేసేవారు ఆ సన్నివేశంలో బల్లకు అవతలి వైపు కూర్చున్న మనిషిని కూడా గమనించాలి.

2008లో వచ్చిన 'ద క్లాస్' పేరు మీరు వినే ఉంటారు. ఉపాధ్యాయుడిగా పనిచేసిన రచయిత ఫ్రాన్స్వా బెగోదో తన నవలలోని మాస్టారి పాత్రను తానే పోషించాడు. పారిస్ 20వ వార్డులోని ఒక బడి పిల్లలతో ఒక విద్యా సంవత్సరం పొడుగునా వారం వారం శిక్షణ తరగతులు జరిపి, చివరిదాకా నిలిచినవారితో సినిమా తీశారు. తరగతి గదిలో మూడు కెమెరాలు పెట్టారు: ఒకటి మాస్టారి మీద, ఒకటి మాట్లాడే విద్యార్థి మీద, మూడవది అనుకోకుండా జరిగేదాన్ని పట్టుకోవడానికి. కాన్‌లో నటుడు షాన్ పెన్ అధ్యక్షత వహించిన జ్యూరీ దీనికి ఏకగ్రీవంగా ఆ ఉత్సవపు అత్యున్నత బహుమతి పామ్ దోర్ ఇచ్చింది. 1987లో మొరీస్ పియాలా తీసిన చిత్రం తరువాత ఒక ఫ్రెంచి చిత్రానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. బడిని గెలిపించే మాస్టారి కథలకు అలవాటు పడినవారికి ఇది చేదుగా ఉండవచ్చు. ఈ మాస్టారు మాట తూలి, దాని ఫలితాన్ని ఒక విద్యార్థి అనుభవిస్తాడు. మాలీ నుంచి వచ్చిన కుటుంబానికి చెందిన ఆ కుర్రవాడు, క్రమశిక్షణ సంఘం ముందు ఫ్రెంచి రాని తన తల్లి మాటలను తానే అనువదించే ఘట్టం ఈ సినిమాకు కేంద్రం.

మధ్యలో వచ్చిన విదేశీ కథల మీద నాకు అంత గురి లేదు. హైతీలో జరిగే 'హెడింగ్ సౌత్'ను నటి షార్లట్ రాంప్లింగ్ కోసం చూడవచ్చు. ఇంగ్లీషులో తీసిన 'ఫాక్స్‌ఫైర్' సాగదీతగా ఉంటుంది. హవానాలో ఒక మేడ మీద పాత మిత్రులు రాత్రంతా మాట్లాడుకునే 'రిటర్న్ టు ఇథకా' మాత్రం వాటిలో మెరుగు. 2021 నాటి 'ఆర్థర్ రాంబో' సామాజిక మాధ్యమాల పాత రాతలు ఒక యువ రచయితను ముంచడం గురించి. విషయం పదునైనదే కానీ పాత్ర మాత్రం మనకు దగ్గర కాదు.

అసలైన కాంతె 2017లో 'ద వర్క్‌షాప్'తో తిరిగి కనిపిస్తాడు. ఓడల కర్మాగారం మూతపడిన లా సియోతా అనే సముద్రతీర పట్టణంలో, ఒక నవలా రచయిత్రి యువకులకు నడిపే రచనా శిబిరం దాని కథ. తాతలు ఓడలు కట్టిన ఊరిలో మనవలకు ఆ గతం తమది అనిపించదు, వారిలో ఒకడు తీవ్ర జాతీయవాదం వైపు జారుతుంటాడు.

కాంతె 2024 ఏప్రిల్‌లో, 63 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. అప్పటికి సిద్ధమవుతున్న 'ఎంజో'ను కాంపియో పూర్తి చేశాడు. 2025లో కాన్‌లో 'డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్' విభాగం దానితోనే మొదలైంది. లొరాన్ కాంతె చిత్రం, దర్శకత్వం రొబాన్ కాంపియో అన్న తీరులో దాని పేర్లు పడతాయి. లా సియోతాలోనే జరిగే ఈ కథలో కలిగిన కుటుంబంలో పుట్టిన పదహారేళ్ళ కుర్రవాడు చదువు వద్దని తాపీపనిలో చేరతాడు, తల్లిదండ్రులు తలపట్టుకుంటారు. కార్మికుడి కొడుకు ఆఫీసులోకి నడిచిన తొలి కథకు ఇది తిరగేసిన రూపం. ఇక్కడ కూడా తండ్రి కోరేది కొడుకు బాగుండాలనే.

మీరు వరుస అడిగారు కనుక, 'టైమ్ అవుట్' వెంటనే చూడండి, తరువాత 'ద క్లాస్'. 'ద వర్క్‌షాప్', 'ఎంజో' ఒకే ఊరి కథలు కాబట్టి వాటిని ఒకదాని వెనుక ఒకటి పెట్టుకోండి. మిగిలినవి తీరిక ఉంటేనే.